అద్దాల అలమారాలో ప్లగ్ పాయింటు పెట్టవచ్చా?

స్నానాల గదుల్లో అలమారాలు చేయించుకోవడం, వాటి లోపల దీపాలు, ప్లగ్ పాయింట్లు, ఒక్కోసారి గీజరు కూడా అమర్చుకోవడం గురించి ఈ మధ్య ఈ శీర్షికకు ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో ఐదింటిని ఎంచుకుని ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో పాత ఫ్లాటు. స్నానాల గది బాగు చేయిస్తున్నాం. వాష్ బేసిన్ పైన అద్దం తలుపుల అలమారా బిగించి, లోపల ట్రిమ్మరుకూ హెయిర్ డ్రయ్యరుకూ పనికివచ్చేలా ఒక సాకెట్టు, అద్దం చుట్టూ ఎల్‌ఈడీ పట్టీ పెడతామని ఇంటీరియర్ పనివారు అంటున్నారు. షవరుకూ బేసిన్‌కూ మధ్య మూడడుగుల దూరమే ఉంది, గాజు తెర లేదు. తలుపు మూసి ఉంటే నీళ్ళు లోపలికి పోవనీ, పైగా ఎంసీబీ (లోడు మించితే సరఫరాను తెంచే స్విచ్చు) ఉంది కనుక భయం లేదనీ ఎలక్ట్రీషియన్ చెబుతున్నాడు. అతని మాట నమ్మవచ్చా?
— ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: సాకెట్టు విషయంలో నమ్మవద్దు. దీపం విషయంలో మాత్రం, కింద చెప్పిన షరతులు పాటిస్తే అభ్యంతరం లేదు.

మన దేశంలో భవనాల వైరింగుకు ఆధారమైన ఐఎస్ 732 ప్రమాణాన్ని 2019లో సవరించినప్పుడు ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని చాలావరకు అనుసరించారు. ఆ అంతర్జాతీయ ప్రమాణంలో స్నానాల గదులకు విడిగా ఒక భాగమే ఉంది. అది గదిని నీటికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నదాన్ని బట్టి మండలాలుగా విభజిస్తుంది. స్నానపు తొట్టి లోపలి భాగం సున్నా మండలం; దాని పైన, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకు ఉన్నది ఒకటో మండలం. దాని అంచు నుంచి పక్కకు మరో 60 సెంటీమీటర్లు రెండో మండలం. తొట్టి లేకుండా నేల మీదే నిలబడి స్నానం చేసే షవరుకు లెక్క వేరుగా ఉంటుంది. గోడలో షవరు బిగించిన చోటి నుంచి చుట్టూ 1.2 మీటర్లు, అంటే దాదాపు నాలుగడుగుల మేర, అంతా ఒకటో మండలమే. మీ బేసిన్ మూడడుగుల దూరంలోనే ఉంది కనుక అలమారాలో సగమో, ఇంకా ఎక్కువో ఆ మండలంలోకే వస్తుంది. ఒకటో మండలంలోనూ రెండో మండలంలోనూ మామూలు 230 వోల్టుల సాకెట్టుకు చోటు లేదు.

మీ ఎలక్ట్రీషియన్ మరొక నియమాన్ని చూపించి వాదించవచ్చు. స్నానాల గదిలో 130 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తులో సాకెట్టు ఉండరాదని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. అద్దాల అలమారా ఎలాగూ అంతకంటే ఎత్తులోనే ఉంటుంది. అయితే ఎత్తు సరిపోయినంత మాత్రాన షవరు నుంచి ఉండవలసిన దూరం సరిపోయినట్టు కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ మండలాల కొలతలు తొట్టి, షవరు వాడేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన ఇళ్ళలో చాలామంది కుళాయి కింద బకెట్టు పెట్టుకుని గది మధ్యలో కూర్చుని మగ్గుతో పోసుకుంటారు, ఆపైన హెల్త్ ఫాసెట్‌తో గోడలు, నేల కడుగుతారు. అలాంటి గదిలో నీళ్ళు చిందని మూల ఉండదు. కాబట్టి చిన్న స్నానాల గది మొత్తాన్నీ ఒకటో మండలంగానే భావించడం మంచిదని నా అభిప్రాయం.

ఇక తలుపు సంగతి. అలమారా తలుపు గోడ కాదు. వేడి నీళ్ళతో స్నానం చేసి బయటికి రాగానే అద్దం మసకబారి ఉండడం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ ఆవిరే తలుపు సందుల్లోంచి లోపలికి వెళ్ళి, చల్లగా ఉన్న సాకెట్టు లోపలి ఇత్తడి భాగాల మీద తేమగా పేరుకుంటుంది. తలుపు ఉండడం వల్ల ఆ తేమ త్వరగా ఆరదు కూడా. పైగా సాకెట్టు వాడేటప్పుడు తలుపు తెరిచే ఉంటుంది, చేతులు తడిగానే ఉంటాయి, కింద బేసిన్‌లో నీళ్ళు ఉంటాయి. ప్రమాదం జరిగే ఆ క్షణంలో తలుపు వల్ల ఉపయోగం ఏమీ ఉండదు. హెయిర్ డ్రయ్యరు విషయం ఇంకా తీవ్రమైనది. అది 1000 నుంచి 2000 వాట్ల వరకు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల సాకెట్టు భరించగలిగేది 1380 వాట్లే. వాడిన వెంటనే వేడిగా ఉన్న డ్రయ్యరును గోళ్ళ రంగు తుడిచే ద్రవం, సెంటు సీసాల పక్కన పెట్టి తలుపు మూస్తే అది నిప్పుకు దారితీయవచ్చు.

ఎంసీబీ ఉంది కనుక భయం లేదన్న మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఎంసీబీ కాపాడేది వైర్లను, మనుషులను కాదు. ఒళ్ళు తడిగా ఉన్నప్పుడు శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోయిందనుకుంటే, 230 వోల్టుల వద్ద శరీరం గుండా ప్రవహించేది 230 మిల్లీ ఆంపియర్లు. దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి వస్తుంది. అంతకు కొన్ని రెట్లు కరెంటు ఒక సెకను పాటు ప్రవహించినా గుండె లయ తప్పవచ్చు. మీ 16 ఆంపియర్ల ఎంసీబీ కదలాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణం పోతున్నా దాని లెక్కలో అది ఒక చిన్న బల్బు వెలిగినంత లోడే. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది నిరంతరం సరిపోల్చుకుంటూ, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే సరఫరాను తెంచివేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జారీ చేసిన భద్రతా నిబంధనలు ఇళ్ళ కనెక్షన్లకు ఈ హద్దును 30 మిల్లీ ఆంపియర్లుగానే నిర్ణయించాయి. మీ పంపిణీ పెట్టెలో పరీక్ష బొత్తం ఉన్న పరికరం ఉందో లేదో, దాని మీద 30 ఎంఏ అని ఉందో లేదో ముందుగా చూడండి. 100 లేదా 300 అని ఉంటే అది నిప్పు నుంచి రక్షణకు పెట్టినది, మనిషికి అది చాలదు. ఆర్‌సీసీబీ ఉన్నా ఒకే సమయంలో ఫేజునూ న్యూట్రల్‌నూ పట్టుకున్నవారిని అది గుర్తించలేదు కనుక, అది ఉందన్న ధైర్యంతో అలమారాలో సాకెట్టు పెట్టుకోకూడదు.

సాకెట్టును పడకగదిలో డ్రెస్సింగ్ టేబుల్ దగ్గరికి మార్పించండి. స్నానాల గది దీపాల స్విచ్చులు కూడా తలుపు బయటే ఉండాలి. అద్దం చుట్టూ దీపం కావాలంటే 12 వోల్టుల డీసీ పట్టీ పెట్టించి, దానికి కరెంటునిచ్చే డ్రైవరును అలమారాలో కాకుండా గది బయట, చేతికి అందే చోట అమర్చమనండి. అద్దం తలుపులోనే దీపం ఉంటే వైరు మడత బందు దగ్గర రోజూ వంగి, కొన్నేళ్ళకు పై తొడుగు నలిగి తెగుతుంది. దీపాన్ని కదలని చట్రానికే బిగించడం మేలు. తలుపు తెరవగానే వెలిగే స్విచ్చు కావాలంటే అది కూడా 12 వోల్టుల వైపునే ఉండాలి.

ప్రశ్న: ఎల్‌ఈడీ పట్టీ 12 వోల్టులదో, నేరుగా 230 వోల్టులదో కొనేటప్పుడు ఎలా తెలుస్తుంది? దుకాణంలో రెండూ ఒకేలా కనిపించాయి.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పైకి ఒకేలా కనిపించినా తేడా పట్టుకోవడం కష్టం కాదు. 12 వోల్టుల పట్టీని మూడేసి దీపాలకు ఒక చోట, సుమారు ఐదు సెంటీమీటర్లకు ఒకసారి, కత్తిరించుకునే గుర్తు ఉంటుంది. దానికి విడిగా ఒక డ్రైవరు కొనవలసి వస్తుంది. 230 వోల్టుల పట్టీని మీటరు చొప్పున తుంచి అమ్ముతారు, మందపాటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, చివర ఒక చిన్న ప్లగ్గుతోనే నేరుగా గోడ సాకెట్టుకు తగిలిస్తారు. ఆ ప్లగ్గులో ఉండేది ఏసీని డీసీగా మార్చే డయోడ్లు మాత్రమే, ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. అంటే పట్టీలో ఎక్కడ తొడుగు చీలినా చేతికి తగిలేది మెయిన్ సరఫరాయే. పండుగ రోజున బాల్కనీకి కట్టుకునే ఆ పట్టీని స్నానాల గదిలోకి ఎట్టి పరిస్థితిలోనూ రానివ్వవద్దు.

డ్రైవరు కొనేటప్పుడు దాని మీద ఎస్ఈఎల్‌వీ (మెయిన్ సరఫరా నుంచి వేరు చేసిన, సురక్షితమైన అతి తక్కువ వోల్టేజి) అన్న మాట, ఒక చతురస్రంలో మరో చతురస్రం ఉన్న గుర్తు (రెట్టింపు ఇన్సులేషన్), బీఐఎస్ నమోదు సంఖ్యతో పాటు ఐఎస్ 15885 అన్న ప్రమాణం ఉన్నాయో లేదో చూడండి. 12 వోల్టులు బయటికి ఇచ్చే ప్రతి డ్రైవరూ సురక్షితమైనది కాదు. చవకరకం వాటిలో లోపల మెయిన్ వైపుకూ 12 వోల్టుల వైపుకూ మధ్య తగినంత ఎడం ఉండదు. పట్టీకి మొత్తం ఎన్ని వాట్లు కావాలో లెక్కగట్టి, అంతకు పావు వంతు ఎక్కువ సామర్థ్యం ఉన్న డ్రైవరు తీసుకుంటే అది వేడెక్కకుండా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

ప్రశ్న: గీజరు కంటికి కనిపించకూడదని స్నానాల గదిలో పైన ప్లైవుడ్ అలమారా చేయించి అందులో బిగించాం. వేసవి అంతా వాడలేదు. చలికాలం మొదలవగానే గీజరు వేసిన ఐదు పది నిమిషాలకు ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఇన్వర్టరు పెట్టించినప్పటి నుంచి అప్పుడప్పుడు ఊరికే కూడా పడుతోంది. ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపేస్తే పీడ వదులుతుందని పనివాడు అంటున్నాడు.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్లు

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు లోపాలు ఉన్నాయి. ఆర్‌సీసీబీ ఆ రెండింటినీ మీకు చూపిస్తోంది. దాన్ని తీసేస్తే లోపాలు అలాగే ఉంటాయి, వాటిని చెప్పేది మాత్రం ఉండదు.

మొదటిది గీజరుది. గీజరులోని వేడి చుట్టను ఒక లోహపు గొట్టంలో పెట్టి, రెండింటి మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టిస్తారు. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. కాని తేమను పీల్చుకునే గుణం దానికి ఉంది. బోరు నీళ్ళలోని సున్నం పొరలు కట్టి గొట్టం మీద సూది మొనంత రంధ్రం పడినా, చివర ఉండే సీలు వదులైనా, నెలల తరబడి వాడకుండా ఉన్నప్పుడు పొడి చెమ్మగిల్లి కరెంటును లీకు చేస్తుంది. ఒక్కోసారి చెమ్మ కొంచెమే అయితే వేడికి ఆరిపోయి సమస్య దానంతట అదే పోతుంది. మీ విషయంలో వేడెక్కిన కొద్దీ పడిపోతోంది కనుక గొట్టమే పాడైందని అనుమానించాలి. సరఫరా పూర్తిగా విడదీసిన తరువాత, మెగ్గరు అనే పరికరంతో 500 వోల్టుల వద్ద ఇన్సులేషన్ నిరోధాన్ని కొలవమనండి. ఒక మెగాఓముకు తగ్గితే ఆ చుట్టను మార్చవలసిందే. అప్పటిదాకా గీజరు వాడవద్దు.

రెండోది ఇన్వర్టరుది, ఇది మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో కనిపించే తప్పు. ఇన్వర్టరు మీద నడిచే దీపాల ఫేజును ఆర్‌సీసీబీకి బయటి నుంచి తీసుకుని, న్యూట్రల్‌ను మాత్రం ఆర్‌సీసీబీ తరువాత ఉన్న అందరి న్యూట్రల్ పట్టీకే కలిపేస్తారు. అప్పుడు ఒక దారిన వెళ్ళిన కరెంటు మరో దారిన తిరిగి వస్తుంది. ఆర్‌సీసీబీ దృష్టిలో అది లీకేజీయే కనుక నిజాయితీగా తన పని చేస్తుంది. ఇన్వర్టరు సర్క్యూట్లకు న్యూట్రల్‌ను విడిగా, వేరే పట్టీకి తీసుకువెళ్ళడమే దీనికి మందు. ఒక పూట పని అది. మీ పనివాడు తప్పించుకోవాలని చూస్తున్నది ఆ ఒక పూట పనినే. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారిని పిలిపించి, ఒక్కొక్క సర్క్యూట్‌నూ విడదీస్తూ పరీక్షించమనండి.

గీజరును అలమారాలో పెట్టడం తప్పు కాదు గాని, అది ఎలా పెట్టారన్నది చూసుకోవాలి. నీరు వేడెక్కి వ్యాకోచించినప్పుడు రక్షక వాల్వు నుంచి బొట్లు పడడం సహజం. చాలా అలమారాల్లో ప్లగ్ పాయింటు సరిగ్గా ఆ వాల్వు కిందే ఉంటుంది. దాన్ని పక్కకు జరిపించండి. గీజరు వైరును సాకెట్టు కంటే కిందికి ఒక వంపు తీసి తరువాత పైకి పోనిస్తే, వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వాల్వు నుంచి ఒక గొట్టం వేసి నీటిని నేల మీదికి వదలాలి. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక దానికి మొదటి జవాబులో చెప్పిన మండలాలకు బయట 16 ఆంపియర్ల సాకెట్టు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గది బయట ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే 20 ఆంపియర్ల డీపీ స్విచ్చు ఉండాలి. అలమారా తలుపుకు గాలి పోయే రెక్కలు పెట్టించండి, ప్లైవుడ్‌కూ గీజరుకూ మధ్య చేయి పట్టేంత ఖాళీ ఉంచండి. పాత తువ్వాళ్ళు, ఖాళీ డబ్బాలు అందులో కుక్కవద్దు.

కొత్త ఆర్‌సీసీబీ కొనవలసి వస్తే టైప్ ఏసీ కంటే టైప్ ఏ తీసుకోండి. ఎల్‌ఈడీ డ్రైవర్లు, వాషింగ్ మెషీన్లలోని ఎలక్ట్రానిక్ భాగాలు లీకు చేసే కరెంటు పూర్తి ఏసీగా ఉండదు, దాన్ని పట్టుకునేది టైప్ ఏ. పరీక్ష బొత్తాన్ని నెలకోసారి నొక్కి చూడండి. నొక్కినా పడిపోకపోతే వెంటనే మార్పించండి.

ప్రశ్న: మేము ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటున్నాం. కొత్తగా కొన్న ఇంటి స్నానాల గదిలో అద్దాల అలమారా ఉంది, దాని లోపల రెండు పిన్నుల షేవరు సాకెట్టు ఉంది. దాని స్థానంలో మామూలు మూడు పిన్నుల సాకెట్టు పెట్టించుకోవచ్చా? లేదా మా అమ్మ ఇండియా నుంచి తెచ్చిన హెయిర్ డ్రయ్యరును అడాప్టరుతో అందులోనే వాడవచ్చా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: రెండూ కుదరవు. అక్కడి వైరింగు ప్రమాణం బీఎస్ 7671 ప్రకారం స్నానాల గదిలో ఒకటో మండలం హద్దు నుంచి నిర్ణీత దూరం లోపల మామూలు సాకెట్టు ఉండరాదు. ఈ దూరం పూర్వం మూడు మీటర్లు. 2022లో వచ్చిన రెండో సవరణలో దాన్ని 2.5 మీటర్లకు తగ్గించారు. అక్కడి మామూలు ఇళ్ళలో స్నానాల గదే అంత పొడవు ఉండదు కనుక ఆచరణలో అది నిషేధమే.

మీ అలమారాలోని షేవరు సాకెట్టుకు మినహాయింపు దొరికింది దాని వెనుక ఉన్న ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మరు వల్ల. ఆ ట్రాన్స్‌ఫార్మరు బయటికి ఇచ్చే కరెంటుకు భూమితో సంబంధం ఉండదు, అందువల్ల దాని ఒక తీగ చేతికి తగిలినా భూమి గుండా కరెంటు ప్రవహించే దారి ఏర్పడదు. అయితే అది చాలా చిన్నది, సాధారణంగా 20 వోల్ట్ ఆంపియర్ల సామర్థ్యమే ఉంటుంది. షేవరుకు, పళ్ళు తోమే బ్రష్షు చార్జరుకు చాలుతుంది. వెయ్యి వాట్ల డ్రయ్యరుకు ఏ అడాప్టరు పెట్టినా చాలదు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పడకగదుల కోసం తయారైన, ట్రాన్స్‌ఫార్మరు లేని షేవరు సాకెట్లు కూడా అక్కడ దొరుకుతాయి, వాటి ప్రమాణం బీఎస్ 4573. పాత యజమాని పొరపాటున ఆ రకాన్ని అలమారాలో పెట్టి ఉంటే దాన్ని మార్పించాలి. సాకెట్టు మీద ఉన్న ప్రమాణం సంఖ్య బీఎస్ ఈఎన్ 61558-2-5 అయితే అది స్నానాల గదికి తగినదే.

స్నానపు తొట్టి కింద పలకలతో మూసిన ఖాళీ గురించి కూడా అక్కడి నియమం స్పష్టంగా ఉంది. పనిముట్టుతో మరలు విప్పితే తప్ప తెరవలేని ఖాళీ అయితే దాన్ని మండలాలకు బయటిదిగా లెక్కిస్తారు. చేత్తో తెరవగలిగితే అది ఒకటో మండలమే. చేత్తో తెరిచే అలమారా తలుపులకు అడ్డుగోడ విలువ ఇవ్వరాదని మొదటి సమాధానంలో చెప్పినది కూడా ఈ ఆలోచనతోనే. మండలాల లోపల కొత్త సర్క్యూట్ వేయడం, ఉన్నదాన్ని మార్చడం ఇంగ్లండులో భవన నిబంధనల్లోని పార్ట్ పీ కిందికి వస్తుంది కనుక, ఆ పనికి నమోదైన ఎలక్ట్రీషియన్‌నే పిలిచి, పని పూర్తయ్యాక ధ్రువపత్రం తీసుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి న్యాయవాది దాన్ని అడుగుతారు.

ప్రశ్న: మాది విశాఖపట్నంలో అద్దె ఇల్లు. స్నానాల గది అలమారాలో ఇంటివాళ్ళు ఎప్పుడో పెట్టిన సాకెట్టు ఉంది, దాని పిన్ను రంధ్రాలు పచ్చగా చిలుము పట్టాయి. అది తీయించాలంటే యజమాని ఒప్పుకోవడం లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే మంచిదా? పై రంధ్రానికి ఎర్తు వస్తోందో లేదో టెస్టరుతో చూడవచ్చా?
— ఒక విద్యార్థిని

జవాబు: ఎక్స్‌టెన్షన్ బాక్సు స్నానాల గదిలోకి తీసుకురావద్దు. అది నేల మీదికో బేసిన్‌లోకో జారే వస్తువు. సముద్రపు గాలిలోని ఉప్పు వల్ల పట్టిన చిలుము కలిసే చోట నిరోధాన్ని పెంచి సాకెట్టును వేడెక్కిస్తుంది కనుక దాన్ని వాడడం ఈ రోజే మానేయండి. యజమాని తీయించకపోయినా, ఆ పాయింటు ఏ ఎంసీబీ కింద ఉందో తెలుసుకుని, అది స్నానాల గదికే ప్రత్యేకమైనదైతే దించి ఉంచవచ్చు. లేదా సాకెట్టు వైర్లను విడదీసి ఖాళీ పలకతో మూయించడానికి అనుమతి అడగండి. ఆ పనికి అయ్యే ఖర్చు తక్కువ కనుక అంతగా అయితే అది మీరే భరిస్తామని చెప్పి చూడండి.

టెస్టరు ఫేజు ఉందో లేదో చెబుతుందే తప్ప ఎర్తు బాగుందో లేదో చెప్పదు. ఎర్తు రంధ్రంలో టెస్టరు వెలగకపోతే అక్కడ ఎర్తు ఉందని అర్థం కాదు, అసలు వైరే లేకపోయినా వెలగదు. కొన్ని పాత ఇళ్ళలో ఎర్తు వైరు లేక, న్యూట్రల్‌నే తెచ్చి ఎర్తు పిన్నుకు కలిపి ఉంటారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఆ క్షణం నుంచి గీజరు తొట్టి, వాషింగ్ మెషీన్ డొక్కు 230 వోల్టులతో నిలబడతాయి. దీన్ని కనిపెట్టడం ఎలక్ట్రీషియన్ పని, మీరు స్క్రూడ్రైవరుతో ప్రయత్నించవద్దు. ఇంట్లో 30 ఎంఏ ఆర్‌సీసీబీ ఉంటే, ఎర్తు సరిగా లేకపోయినా మీ శరీరం గుండా భూమికి లీకయ్యే కరెంటును అది గుర్తించి తెంచుతుంది. ఎర్తు కూడా బాగుంటే మీరు తాకకముందే తెంచుతుంది. యజమానితో మాట్లాడేటప్పుడు సాకెట్టు సంగతికంటే ముందు ఆర్‌సీసీబీ సంగతి అడగండి. ఈలోగా ట్రిమ్మరు, ఫోను, బ్రష్షు అన్నీ పడకగదిలోనే చార్జింగు పెట్టుకోండి.